చల్లబడితే పెరిగాయి, మరీ చల్లబడితే పోయాయి: ప్రాచీన సముద్ర జీవుల లెక్క

భూమి వేడెక్కితే సముద్రంలో జీవజాతులు తగ్గుతాయా? చల్లబడితే పెరుగుతాయా? ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే శిలాజాలు చెప్పవు. ఆర్డోవిషియన్ యుగాన్నే తీసుకోండి. 48.5 కోట్ల ఏళ్ల క్రితం మొదలై సుమారు 44.3 కోట్ల ఏళ్ల క్రితం ముగిసిన ఆ కాలంలో సముద్రం చల్లబడుతూ వచ్చినప్పుడు జీవజాతులు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. ఆ యుగం చివర్లో మళ్లీ చల్లబడినప్పుడు వాటిలో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయింది. రెండుసార్లూ జరిగింది చల్లబడటమే. ఫలితాలు మాత్రం ఎదురెదురు. ఈ చిక్కుముడి విప్పితే సముద్ర జీవుల మిగతా చరిత్ర కూడా చాలావరకు అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఆర్డోవిషియన్‌కు ఎక్కువ చోటు ఇస్తున్నాను. డైనోసార్లను చంపిన గ్రహశకలం గురించి అందరూ ఇప్పటికే బోలెడు చదివి ఉంటారు, దాన్ని క్లుప్తంగా ముగిస్తాను.

అసలు అంత పాత సముద్రం ఎంత వేడిగా ఉండేదో ఎలా తెలుస్తుంది? ఆక్సిజన్‌లో బరువైన పరమాణువులు, తేలికైన పరమాణువులు రెండూ ఉంటాయి. నీటి వేడిని బట్టి, అందులో పెరిగే గుల్లలోకి ఇవి చేరే నిష్పత్తి కొద్దిగా మారుతుంది. ఆ నిష్పత్తిని కొలిస్తే పాత ఉష్ణోగ్రత తెలుసుకోవచ్చని 1947లో హెరాల్డ్ యూరీ చూపించాడు. అయితే 40 కోట్ల ఏళ్లు దాటిన గుల్లలతో ఒక ఇబ్బంది ఉంది. రాతిలో ఊరే నీరు వాటి రసాయనాన్ని మార్చేసి ఉండొచ్చు. అందుకని శాస్త్రవేత్తలు కోనోడాంట్లను ఆశ్రయించారు. ఇవి పాములాంటి సన్నని చేపల నోట్లో ఉండే పళ్లు, ఒక్కొక్కటీ ఇసుక రేణువంత ఉంటుంది. సున్నపురాయిని పలచని ఆమ్లంలో నానబెడితే రాయి కరిగిపోతుంది, ఈ పళ్లు మాత్రం గట్టి ఫాస్ఫేట్‌తో తయారైనవి కాబట్టి అడుగున మిగిలిపోతాయి. వాటి రంగు కూడా ఒక కొలమానమే. రాయి భూమి లోపల వేడికి గురికాకపోతే పళ్లు లేత పసుపుగా ఉంటాయి, వేడెక్కేకొద్దీ గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతాయి. లేత రంగువాటిని ఏరుకుని కొలిస్తే లెక్కను నమ్మవచ్చు.

జూలీ ట్రాటర్ బృందం 2008లో ప్రచురించిన లెక్క ఇలాంటిదే. ఆర్డోవిషియన్ మొదట్లో ఉష్ణమండల సముద్రం 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండేదని, తర్వాతి సుమారు రెండున్నర కోట్ల ఏళ్లలో మెల్లగా దిగి ఇప్పటి ఉష్ణమండల సముద్రాల స్థాయికి చేరిందని ఆ పళ్లు చెప్పాయి. సరిగ్గా ఆ దిగుదల చివరికొచ్చేసరికి జీవజాతుల సంఖ్య ఒక్కసారిగా ఎగబాకింది.

ఎగబాకడం అంటే ఎంత? సముద్ర జీవుల్లో కుటుంబాల (దగ్గరి పోలికలున్న జాతులను కలిపే వర్గాల) సంఖ్య సుమారు మూడింతలైంది. అంతకుముందు కేంబ్రియన్ కాలంలో జంతువుల ప్రధాన శరీర నమూనాలన్నీ దాదాపు తయారయ్యాయి. కెనడాలోని బర్జెస్ షేల్, చైనాలోని చెంగ్‌జియాంగ్ శిలాజాల వల్ల ఆ ఘట్టానికి పేరు బాగా వచ్చింది. నా దృష్టిలో ఆర్డోవిషియన్‌కు రావాల్సినంత పేరు రాలేదు. నమూనాలు తయారుకావడం ఒక ఎత్తు, వాటితో సముద్రం నిండిపోవడం మరొక ఎత్తు. ఆ రెండో పని జరిగింది ఇక్కడే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి చుట్టుపక్కల, రోడ్డు కోసం గుట్టలు కోసిన చోట, ఆ నిండుదనం కళ్లకు కనిపిస్తుంది. అక్కడి సున్నపురాయి పలక ఒకటి చేతిలోకి తీసుకుంటే రాయి కన్నా గుల్లలే ఎక్కువ అనిపిస్తుంది. ఆల్చిప్పల్లా రెండు చిప్పలున్నా వేరే వర్గానికి చెందిన బ్రాకియోపాడ్లనే జీవుల గుల్లలు, విసనకర్రలా గీతలతో, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటి మధ్య పుల్లల్లాంటి బ్రయోజోవాలు, వాటి ఒంటి నిండా సూదితో గుచ్చినట్టు రంధ్రాలు. ఒక్కో రంధ్రం ఒక్కో చిన్న జీవి ఇల్లు. కాడ మీద పువ్వులా నిలబడే క్రైనాయిడ్లనే జీవుల కాడలు విరిగి బిళ్లలు బిళ్లలుగా చెల్లాచెదురై ఉంటాయి. అదృష్టం ఉంటే భయపడి బంతిలా ముడుచుకుని అలాగే రాయైపోయిన ఫ్లెక్సికాలిమెనె అనే ట్రైలోబైట్ (గట్టి డొప్పతో, పురుగులాంటి ప్రాచీన సముద్ర జీవి) కూడా దొరుకుతుంది. ఆ కాలపు సముద్రం అడుగున ఒక జీవి మీద మరొకటి పెరిగింది, ఒకటి అడుగున ఆహారం వడగట్టుకుంటే మరొకటి కాడ సాచి పైనుంచి వడగట్టుకుంది. చోటు అదే అయినా అందులో బతికే పద్ధతులు పెరిగాయి.

దీనికి చల్లదనం ఒక్కటే కారణం కాదు. అప్పటి భూగోళం కూడా కలిసొచ్చింది. లారెన్షియా, బాల్టికా, సైబీరియా, గోండ్వానా అని ఖండాలు విడివిడిగా చెదిరి ఉండేవి. సముద్ర మట్టం చాలా ఎత్తుగా ఉండటంతో ఖండాల లోపలి భాగాలు కూడా లోతు తక్కువ సముద్రాల కింద మునిగి ఉండేవి. సిన్సినాటి రాళ్లు అలాంటి సముద్రంలో ఏర్పడ్డవే. ఎవరెస్ట్ శిఖరం మీదున్న సున్నపురాయి కూడా ఆర్డోవిషియన్ కాలపు సముద్రం అడుగునే ఏర్పడింది, అందులో క్రైనాయిడ్, ట్రైలోబైట్ ముక్కలున్నాయి. వెలుతురు అడుగుదాకా వెళ్లే సముద్రం అంత విస్తారంగా ఉండటం, ఒక ఖండం తీరపు జీవులు మరో ఖండం తీరానికి సులువుగా చేరలేకపోవడం, ఈ రెండూ కలిస్తే ఎక్కడి జాతులు అక్కడ వేరుగా మారిపోతాయి. ఖండాలు విడివడితే సముద్ర జాతులు పెరుగుతాయని, ఒకచోట చేరితే తగ్గుతాయని జేమ్స్ వాలంటైన్, ఎల్డ్రిడ్జ్ మూర్స్ 1970లోనే వాదించారు. భూమి పై పొర కదిలే పలకలుగా ఉందనే ప్లేట్ల సిద్ధాంతం అప్పటికి ఇంకా కొత్తది.

ఇక చల్లదనం ఎందుకు మేలు చేసిందంటే, ఆక్సిజన్ వల్ల. గిన్నెలో నీళ్లు కాచేటప్పుడు మరగడానికి చాలా ముందే గోడల వెంట సన్నని బుడగలు పడతాయి. నీళ్లలో కరిగి ఉన్న గాలి వేడికి బయటికొచ్చేస్తుంది. సముద్రంలోనూ అంతే. 30 డిగ్రీల సముద్రపు నీరు పట్టుకోగలిగే ఆక్సిజన్, 0 డిగ్రీల నీరు పట్టుకునేదానిలో సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే. అవతల జీవి శరీరానికి కావాల్సిన ఆక్సిజన్ వేడితో పాటు పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా జలచరాల్లో ఆ అవసరం సుమారు రెట్టింపు అవుతుంది. సరఫరా తగ్గుతుంటే గిరాకీ పెరగడమన్నమాట. 40 డిగ్రీల సముద్రంలో పెద్ద శరీరంతో, చురుగ్గా బతకడం దాదాపు అసాధ్యం. నీరు 30 డిగ్రీలకు దిగేసరికి అప్పటిదాకా మూసుకుని ఉన్న బతుకుదారులు తెరుచుకున్నాయి.

మరి అదే చల్లదనం చివర్లో ఎందుకు ప్రాణం తీసింది?

44.5 కోట్ల ఏళ్ల క్రితం గోండ్వానా ఖండం దక్షిణ ధ్రువం మీద ఉండేది. ధ్రువానికి దగ్గరగా ఉన్న భాగం ఏదంటే, ఇవాళ్టి సహారా. మంచు పలకలు రాళ్లను ఒరుసుకుంటూ వెళ్లినప్పుడు పడ్డ గాడులు ఆ ఎడారి రాళ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి. మంచు గడ్డలు నీటిని పట్టి ఉంచేయడంతో సముద్ర మట్టం పదుల మీటర్లు పడిపోయింది. ఖండాల లోపలికి పరుచుకున్న ఆ లోతు తక్కువ సముద్రాలు ఎండిపోయాయి. ఉష్ణమండల సముద్రం సుమారు 5 డిగ్రీలు చల్లబడింది. కెనడాలోని ఆంటికోస్టీ ద్వీపం శిలాజాల మీద చేసిన కొలతలు ఈ మాట చెబుతున్నాయి. హిర్నాంటియన్ అని పిలిచే ఈ ఘట్టమంతా 20 లక్షల ఏళ్లలోపే ముగిసింది. మొదటి చల్లదనం కోట్ల ఏళ్ల మీద పరుచుకుంటే, ఇది దానిలో పదోవంతు కాలం కూడా తీసుకోలేదు. పైగా ఈసారి జీవులకు ఉన్న చోటు కూడా పోయింది.

దెబ్బ రెండు విడతల్లో పడింది. నాకు ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించేది రెండో విడత. మొదటి విడతలో వెచ్చని నీటికి అలవాటుపడిన జాతులు పోయాయి, వాటి చోట చలికి అలవాటుపడిన బ్రాకియోపాడ్లు ప్రపంచమంతా వ్యాపించాయి. హిర్నాంషియా జీవజాలం అని వీటికి పేరు. కొత్త పరిస్థితిలో గెలిచినవి ఇవే. తర్వాత మంచు కరిగింది, సముద్రం మళ్లీ వేడెక్కింది, లోతుల్లో ఆక్సిజన్ తరిగింది. దాంతో ఆ గెలిచినవి కూడా పోయాయి. రెండు విడతలూ కలిపి సముద్ర జాతుల్లో సుమారు 85 శాతం అంతరించాయని అంచనా. మారిన పరిస్థితికి సర్దుకోవడం ఒక జాతికి శాశ్వత రక్షణ ఇవ్వదు. సర్దుకున్న పరిస్థితి ఎంతకాలం నిలుస్తుందన్న దాని మీద అంతా ఆధారపడి ఉంటుంది.

దీన్నిబట్టి ఏ మార్పును చూసినా మూడు సంగతులు అడగాలనిపిస్తుంది. ఎంత వేగంగా వచ్చింది? జీవులకు ఉన్న చోటును పెంచిందా, తగ్గించిందా? వాటికి ఊపిరి సరిపోయిందా? వేడి, చలి అన్న మాటలు ఆ తర్వాతే. ఈ ప్రశ్నలతో మరో మహా విపత్తు జరిగిన పెర్మియన్ యుగం ముగింపు దగ్గరికి వెళ్దాం.

25.2 కోట్ల ఏళ్ల క్రితం ఖండాలన్నీ పాంజియాగా ఒక్కచోట చేరి ఉన్నాయి. అంటే వాలంటైన్, మూర్స్ లెక్క ప్రకారం వైవిధ్యానికి అప్పటికే అనుకూలం కాని భూగోళం. ఆ సమయంలో సైబీరియాలో లావా లక్షల ఏళ్ల పాటు పొంగింది. లావా ఒక్కటే అయితే పరిస్థితి అంత ఘోరంగా ఉండేది కాదు. అది బొగ్గు, ఉప్పు, సున్నపురాయి పొరల మధ్యలోకి చొచ్చుకుపోయి వాటిని మాడ్చింది. దాంతో అపారమైన కార్బన్ డయాక్సైడ్, మీథేన్ గాలిలోకి వెళ్లాయి.

ఆ విపత్తు రికార్డు చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో మేయ్‌షాన్ అనే చోట రాళ్లలో ఉంది. ట్రయాసిక్ యుగం మొదలును ప్రపంచమంతటికీ ప్రామాణికంగా గుర్తించే చోటు కూడా ఇదే, 2001లో ఆమోదించారు. అక్కడి పొరలకు నంబర్లున్నాయి. 24వ పొర శిలాజాలతో నిండిన సున్నపురాయి. దాని మీద 25వ పొర, అగ్నిపర్వతపు బూడిద నుంచి ఏర్పడ్డ పలచని పాలిపోయిన మట్టి. దాని మీద 26వ పొర, నల్లటి మట్టి. ఆ పైన 27వ పొర సున్నపురాయి మధ్యలో హిండియోడస్ పార్వస్ అనే కొత్త కోనోడాంట్ మొదటిసారి కనిపిస్తుంది, ట్రయాసిక్ లెక్క అక్కడి నుంచి. బూడిద పొరల్లో ఉన్న జిర్కాన్ స్ఫటికాల వయసు కొలిచి 2014లో ఇచ్చిన లెక్క ప్రకారం, అంతరించడం అంతా దాదాపు 60 వేల ఏళ్లలో జరిగిపోయింది, 48 వేల ఏళ్లు అటో ఇటో. భూగర్భ కాలమానంలో ఇది రెప్పపాటు. సముద్ర జాతుల్లో 80 శాతానికి పైగా ఆ కొద్దిపాటి మట్టి మందంలో మాయమయ్యాయి.

ఎలా చనిపోయాయన్నదాని మీద 2018లో జస్టిన్ పెన్, కర్టిస్ డాయిచ్, వాళ్ల సహచరులు ఒక పరిశోధన చేశారు. అప్పటి సముద్రాన్ని కంప్యూటర్ మోడల్‌లో కట్టి, వేడి పెరిగి ఆక్సిజన్ తగ్గితే ఏ అక్షాంశం దగ్గర ఎన్ని జాతులకు ఊపిరి చాలదో లెక్కగట్టారు. ఆ లెక్కతోనే మొత్తం నష్టంలో సగానికి పైగా అర్థమైంది. వాళ్ల మోడల్ ఇంకో జోస్యం కూడా చెప్పింది: భూమధ్యరేఖ దగ్గరకన్నా ధ్రువాల వైపు ఎక్కువ జాతులు అంతరించాలి. వేడి నీటి జాతులు ఉత్తరానికో దక్షిణానికో జరగవచ్చు, వాటికి తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకురావడం కొంత అలవాటే. చల్లని నీటి జాతులకు జరగడానికి ఇక చోటే లేదు. శిలాజాల రికార్డును తిరిగి చూస్తే అదే తీరు కనిపించింది. మోడల్ చెప్పినదాన్ని రాళ్లు బలపరచడం ఈ శాస్త్రంలో తరచూ జరిగే పని కాదు, అందుకే ఆ పరిశోధన మీద నాకు గౌరవం.

ఎవరు పోయారు, ఎవరు మిగిలారు అన్నది కూడా ఊపిరి, రసాయనాల కథే. మందమైన సున్నపు గుల్ల కడుతూ, రక్తప్రసరణ బలహీనంగా ఉన్న జీవులకు పెద్ద దెబ్బ తగిలింది. కార్బన్ డయాక్సైడ్ కరిగి నీరు ఆమ్లం వైపు జరిగినప్పుడు గుల్ల కట్టడానికి శరీరం ఎక్కువ కష్టపడాలి, ఆ శక్తి వాటికి లేదు. రూగోసా, టాబ్యులేటా అనే రెండు పగడాల వర్గాలు పూర్తిగా పోయాయి. అప్పటికే సన్నగిల్లిన ట్రైలోబైట్ల వంశం కూడా అక్కడితో ఆగిపోయింది. బ్రాకియోపాడ్లు మిగిలినా మునుపటి ఆధిపత్యం మళ్లీ రాలేదు. చురుకైన మొప్పలున్న ఆల్చిప్పలు, నత్తలు నష్టపోయాయి కానీ తేరుకున్నాయి. తర్వాతి లక్షల ఏళ్ల పాటు సముద్రం అడుగు చాలాచోట్ల క్లారాయియా లాంటి కొద్దిపాటి పలచని ఆల్చిప్పలతోనే నిండి ఉంటుంది. రాతి గూడు కట్టే కొత్త పగడాల శిలాజాలు మధ్య ట్రయాసిక్‌లో గానీ కనిపించవు, అంటే అర కోటి ఏళ్ల తర్వాత. ఇప్పటి సముద్రాల్లో ఆల్చిప్పలు, నత్తలు ఎక్కువగా, బ్రాకియోపాడ్లు అరుదుగా ఉండటానికి మూలాలు ఆ విపత్తులో ఉన్నాయి. జాక్ సెప్కోస్కీ 1981లో సముద్ర జీవుల చరిత్రను కేంబ్రియన్, పేలియోజోయిక్, ఆధునిక అని మూడు జీవజాలాలుగా విడదీసినప్పుడు రెండోదాని పెత్తనం ముగిసి మూడోదానిది మొదలయ్యే గీత ఇక్కడే పడింది.

మిగతా పెద్ద విపత్తులను త్వరగా దాటేద్దాం. 37.2 కోట్ల ఏళ్ల క్రితం డెవోనియన్ చివర్లో భారీ పగడపు దిబ్బలు కుప్పకూలాయి. నేల మీద అడవులు వేళ్లు దింపి రాళ్లను పగలగొట్టడంతో పోషకాలు సముద్రంలోకి కొట్టుకుపోయి, నాచు విపరీతంగా పెరిగి, అది కుళ్లి ఆక్సిజన్‌ను తినేసిందన్నది బలమైన వాదన. నేల మీద మొక్కల విజయం సముద్రానికి శాపమైందన్నమాట. 20.1 కోట్ల ఏళ్ల క్రితం పాంజియా చీలేటప్పుడు పొంగిన లావాతో దిబ్బలు మళ్లీ కూలాయి, కోనోడాంట్లు కూడా అప్పుడే అంతరించాయి. 6.6 కోట్ల ఏళ్ల క్రితం గ్రహశకలం పడినప్పుడు సూర్యరశ్మి తగ్గి నీటిలో తేలే చిన్న జీవులైన ప్లవకాలు చచ్చిపోయాయి, సముద్రపు పై పొర ఉన్నట్టుండి ఆమ్లం వైపు జరిగింది. చుట్ట గుల్లలున్న అమ్మోనైట్లు పోయాయి, వాటి దూరపు చుట్టాలైన నాటిలస్‌లు మిగిలాయి.

విపత్తుల గురించే మాట్లాడితే మాత్రం సగం కథ వదిలేసినట్టే. నెమ్మదిగా కదిలే భూగోళం వైవిధ్యాన్ని పుట్టిస్తుంది కూడా. సుమారు 30 లక్షల ఏళ్ల క్రితం పనామా భూసంధి మూసుకుని కరీబియన్‌ను పసిఫిక్ నుంచి వేరుచేసింది. అక్కడ చిటికెల రొయ్యలు ఉంటాయి, ఒక పెద్ద కొండితో టప్పున చప్పుడు చేస్తాయి. గోడకు అటొకటి, ఇటొకటి చొప్పున ఒకే పోలికతో జంట జాతులున్నాయి. నాన్సీ నౌల్టన్ బృందం 1993లో ఆ జంటల్ని తెచ్చి ఒకే తొట్టిలో వేసి చూసింది. చాలావరకు అవి జతకట్టకుండా ఒకదాని మీద ఒకటి కొండి విసురుకున్నాయి. నడుమ నేల లేవడంతో ఒక జాతి రెండైంది. అదే గోడ వల్ల కరీబియన్‌లో పోషకాలు తగ్గాయి, అక్కడి పగడాలు, నత్తల్లో చాలా జాతులు అంతరించాయి. ఆ అంతరించడం కూడా వెంటనే జరగలేదు, పది లక్షల ఏళ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది. కారణం ఒక కాలంలో, ఫలితం మరో కాలంలో కనిపించడం వల్ల ఈ లెక్కలు ఇంత కష్టమవుతాయి.

వైవిధ్యానికి కేంద్రమైన చోటు కూడా స్థిరంగా ఉండదు. ఇప్పుడు ఆ కేంద్రం ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, న్యూగినీల మధ్య ఉన్న పగడాల త్రికోణం. ప్రపంచంలో తెలిసిన దిబ్బల పగడాల్లో నాలుగింట మూడు వంతుల జాతులు అక్కడున్నాయి. సుమారు 4 కోట్ల ఏళ్ల క్రితం మాత్రం ఈ కేంద్రం టెథిస్ సముద్రంలో, ఇప్పటి దక్షిణ ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, అరేబియాల నడుమ ఉండేది. గీజా పిరమిడ్ల రాళ్లలో నాణేల్లా కనిపించే నమ్యులైట్లు ఆ కాలపు సముద్ర జీవులే. ఆఫ్రికా, అరేబియా ఉత్తరానికి జరిగి ఐరోపా, ఆసియాలను ఢీకొట్టడంతో టెథిస్ మూసుకుపోయింది, వైవిధ్య కేంద్రం తూర్పుకు జరిగింది. ఆస్ట్రేలియా పైకి వచ్చి ఆసియాను ఢీకొట్టే చోట కొత్త దీవులు, కొత్త లోతు తక్కువ సముద్రాలు ఏర్పడ్డాయి. ప్లేట్లు ఒరుసుకునే చోట్ల చోటు ఎక్కువ, అడ్డుగోడలు ఎక్కువ, కాబట్టి జాతులూ ఎక్కువ.

ఇదంతా పర్యావరణమే చేసిందని అనడం మాత్రం అతి అవుతుంది. జీవులు కూడా ఒకదాన్నొకటి మారుస్తాయి. గుల్లల్ని పగలగొట్టే పీతలు, చేపలు పెరగడంతో డైనోసార్ల కాలమైన మెసోజోయిక్‌లో నత్తల గుల్లలు మందంగా, ముళ్లతో తయారయ్యాయని గీరత్ వెర్మే 1977లో చూపించాడు. రాళ్ల రికార్డులో కూడా పక్షపాతం ఉంది. ఒక కాలపు రాళ్లు ఎక్కువ మిగిలితే ఆ కాలపు జాతులు ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తాయి. సముద్ర మట్టం పడిపోయినప్పుడు జీవులతో పాటు రాయి ఏర్పడే చోటు కూడా తగ్గుతుంది, కాబట్టి హిర్నాంటియన్ లాంటి చోట నిజమైన మరణాన్ని రికార్డులోని ఖాళీ నుంచి వేరు చేయడానికి గణాంకాలతో చాలా శ్రమపడాలి.

ఇక వేగం సంగతి. ఇప్పటికి దగ్గరి పోలిక 5.6 కోట్ల ఏళ్ల క్రితం దొరుకుతుంది. అప్పుడు కొన్ని వేల ఏళ్లలో భూమి 5 డిగ్రీలకు పైగా వేడెక్కింది. లోతు సముద్రపు అడుగున బతికే ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల జాతుల్లో 30 నుంచి 50 శాతం అంతరించాయి, పైన తేలే ప్లవకాల్లో చాలావరకు ధ్రువాల వైపు జరిగి బతికిపోయాయి. అప్పట్లో ఏడాదికి సుమారు 100 కోట్ల టన్నుల కార్బన్ గాలిలోకి చేరిందని 2016 నాటి ఒక అంచనా. ఇప్పుడు బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి మనం ఏడాదికి 1,000 కోట్ల టన్నుల దాకా వదులుతున్నాం. పెర్మియన్ విపత్తును లెక్కగట్టిన పద్ధతినే పెన్, డాయిచ్ 2022లో రాబోయే శతాబ్దాల సముద్రానికి వర్తింపజేశారు. ఇప్పటి తీరే సాగితే అంతరించే ముప్పు ధ్రువ సముద్రాల జాతులకే ఎక్కువని, ఒకచోట ఉండే జాతుల సంఖ్య మాత్రం ఉష్ణమండలంలో ఎక్కువగా పడిపోతుందని తేలింది. ఉద్గారాలను వెనక్కి మళ్లిస్తే ఆ ముప్పు 70 శాతానికి పైగా తగ్గుతుందని కూడా అదే లెక్క చెప్పింది.